మూర్ఛ మందుతో చిట్టెలుకల్లో వణుకు తగ్గిందని ఎప్పుడు చెప్పవచ్చు?

ప్రశ్న: ఎం.ఫార్మ్ విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను నగరంలోని ఒక ఫార్మసీ కళాశాలలో ఫార్మకాలజీ ప్రధానాంశంగా ఎం.ఫార్మ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూర్ఛకు వాడే టోపిరమేట్ అనే మందు వణుకును ఏ మేరకు అదుపు చేస్తుందో చిట్టెలుకల్లో పరీక్షించడం నా ప్రాజెక్టు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1950ల తొలినాళ్లలో మూర్ఛ మందుగా వాడుకలోకి వచ్చిన ప్రిమిడోన్ ఎసెన్షియల్ ట్రెమర్‌కు (పని చేసేటప్పుడు ముఖ్యంగా చేతులు వణికే వ్యాధి) కూడా పనిచేస్తుందని 1981లో బ్రిటన్ వైద్యులు రాశారు. ఈనాటికీ ప్రొప్రానొలాల్‌తో పాటు వైద్యులు మొదట ఆలోచించే మందు అదే. ఆ దారిలోనే మరో మూర్ఛ మందును జంతువుల్లో కొలిచి చూడాలన్నది మా గైడ్ గారి సూచన.

నమూనాగా హార్మలిన్ అనే పదార్థంతో పుట్టించే వణుకును ఎంచుకున్నాము. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున హార్మలిన్‌ను చర్మం కింద ఇస్తే కొద్ది నిమిషాల్లోనే చిట్టెలుకకు ఒళ్లంతా వణుకు మొదలవుతుంది. మా విభాగంలో ఈ వణుకును కంటితో చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేయడం అలవాటు. మందు ఇచ్చిన గుంపులో మార్కులు తగ్గితే మందు పనిచేసినట్టు రాస్తారు. నా సందేహం ఇక్కడే మొదలైంది. మా సీనియర్ ఒకరు డయాజిపామ్ అనే మత్తు కలిగించే మందుతో ఇదే ప్రయోగం చేసినప్పుడు మార్కులు బాగా పడిపోయాయి, కానీ ఆ చిట్టెలుకలు చాలాసేపు కేజ్ మూలన పడుకునే ఉన్నాయని ఆవిడే చెప్పారు. పడుకున్న జంతువుకు సున్నా మార్కు వేయడం సరైనదేనా? టోపిరమేట్ కూడా కొంత మత్తు కలిగించే మందే కాబట్టి, వణుకు నిజంగా తగ్గిందనీ, జంతువు మందగించడం వల్ల తగ్గినట్టు కనిపించలేదనీ ఎలా చూపించాలి?

మరో మాట. కళాశాల జంతు నైతిక సంఘం ముందు జంతు ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు, ఫారం-బి పెట్టినప్పుడు ఒక సభ్యులు, “టోపిరమేట్‌ను వణుకు ఉన్న మనుషుల్లోనే ఎప్పుడో పరీక్షించారు కదా, మళ్లీ ఎలుకల మీద ఎందుకు?” అని అడిగారు. నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. దరఖాస్తును సవరించి మళ్లీ ఇమ్మన్నారు. ఖరీదైన పరికరాలు మా దగ్గర లేవన్న సంగతిని దృష్టిలో పెట్టుకుని సలహా ఇవ్వగలరు.

జవాబు: ప్రీక్లినికల్ పరిశోధకుడు, జీనోమ్ వ్యాలీ

పడుకున్న చిట్టెలుకకు సున్నా మార్కు వేయకూడదు. హార్మలిన్ వణుకు ప్రధానంగా జంతువు నడిచేటప్పుడు, కాళ్ల మీద ఒంటి బరువు మోస్తూ నిలబడినప్పుడు కనిపించే వణుకు. సూది వేసిన కాసేపటికి కేజ్ పక్కన కూర్చుని గమనించండి. చిట్టెలుక కాళ్లను కాస్త ఎడంగా పెట్టి, తోకను బిగబట్టి, నాలుగు అడుగులు వేసినప్పుడల్లా తల నుంచి తోక మొదలు దాకా సన్నగా, వేగంగా అదురుతుంది. అదే చిట్టెలుక మూలకు చేరి పొట్టను నేలకు ఆనించి పడుకుంటే ఆ అదురు చాలావరకు కంటికి కనిపించదు. కాబట్టి జంతువును మగతలోకి నెట్టే మందైనా, కండరాల పట్టును సడలించే మందైనా, చివరికి జంతువును జబ్బుపడేలా చేసే మోతాదైనా సరే, కంటి మార్కుల్లో వణుకును తగ్గించే మందులాగే కనిపిస్తుంది. డయాజిపామ్ ఫలితంలో ఎంత భాగం వణుకు తగ్గుదలదో, ఎంత భాగం మత్తుదో ఆ మార్కుల పట్టిక నుంచి ఇక ఎవరూ విడదీయలేరు.

మీ మందు ఎక్కడ పనిచేస్తుందో ఊహించాలంటే ఈ వణుకు ఎక్కడ పుడుతుందో తెలిసి ఉండాలి. హార్మలిన్ హర్మల్ అనే మెట్టప్రాంతపు మొక్క గింజల్లో దొరికే ఆల్కలాయిడ్. మెదడు కాండం అడుగుభాగంలో ఉండే ఇన్ఫీరియర్ ఆలివ్ అనే కణసముదాయం మీద పనిచేసి, అక్కడి న్యూరాన్లన్నీ ఒకే లయలో విద్యుత్ స్పందనలు వెలువరించేలా చేస్తుంది. ఆ లయ క్లైంబింగ్ ఫైబర్లనే నరాల పోగుల గుండా చిన్నమెదడులోని పర్కింజీ కణాలకు, లోపలి కేంద్రకాలకు చేరి, అక్కడి నుంచి వెన్నుపాము మీదుగా కండరాలకు దిగుతుంది. ఈ దారి పిల్లుల మీద జరిపిన ప్రయోగాల్లో 1973 నాటికే స్పష్టమైంది. ఆలివ్ న్యూరాన్ల లయకు టి-రకం కాల్షియం చానళ్లు (కణంలోకి కాల్షియంను వదిలే ద్వారాలు) కీలకం. ఆ చానళ్లలో సీఏవీ 3.1 అనే రకం జన్యువును తొలగించిన చిట్టెలుకల్లో హార్మలిన్ వణుకు సరిగా పుట్టదని 2010లో తేలింది. అబ్సెన్స్ మూర్ఛకు వాడే ఇథోసక్సిమైడ్ ఈ నమూనాలో వణుకును తగ్గించడానికి కారణం కూడా ఈ చానళ్లేనని భావిస్తారు. టోపిరమేట్ సంగతి వేరు. అది సోడియం చానళ్లను అడ్డుకుంటుంది, గాబా-ఎ గ్రాహకాల పనిని పెంచుతుంది, ఆంపా-కైనేట్ రకం గ్లూటమేట్ గ్రాహకాలను అణచివేస్తుంది, కార్బానిక్ అన్‌హైడ్రేజ్ ఎంజైమును కూడా నిరోధిస్తుంది. క్లైంబింగ్ ఫైబర్లు పర్కింజీ కణాలకు కబురు చేర్చేది గ్లూటమేట్‌తోనే కాబట్టి, టోపిరమేట్ వణుకు పుట్టే చోట కాక అది ప్రయాణించే దారిలో పనిచేసే అవకాశం ఉంది. దరఖాస్తులో దీన్ని పరికల్పనగానే రాయండి, నిర్ధారణగా రాయకండి.

ఇక కొలత విషయానికి వస్తాను. చిట్టెలుకల్లో ఈ వణుకు సెకనుకు సుమారు 11 నుంచి 14 సార్లు వస్తుంది. నడక, ఒళ్లు తుడుచుకోవడం, వాసన చూస్తూ తిరగడం వంటి మామూలు కదలికల శక్తి ఎక్కువగా అంతకంటే తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవారు జంతువును కదలికను పసిగట్టే వేదిక మీద స్వేచ్ఛగా తిరగనిచ్చి, 0.25 నుంచి 32 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు) వరకు ఉన్న మొత్తం కదలిక శక్తిలో 9 నుంచి 16 హెర్ట్జ్ మధ్య ఉన్న వాటా ఎంత శాతమో లెక్కిస్తారు. జంతువు తక్కువగా కదిలితే పైనున్న సంఖ్యా, కిందనున్న సంఖ్యా రెండూ తగ్గుతాయి. శాతం మాత్రం కదిలిన కాసేపట్లో వణుకు వాటా ఎంతో చెబుతుంది. దీనితో మత్తు సమస్య పూర్తిగా తీరిపోదు. అస్సలు కదలని జంతువు విషయంలో ఆ శాతానికి అర్థమే ఉండదు. అందువల్ల మొత్తం కదలిక శక్తిని కూడా పక్కనే వేరుగా చూపించాలి.

ఖర్చు గురించి భయపడకండి. కోఠీ గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో వంటింటి త్రాసులో వాడేలాంటి, బరువును పసిగట్టే లోడ్ సెల్‌నూ, దానికి జతచేసే హెచ్ఎక్స్711 అనే చిన్న బోర్డునూ తక్కువ ధరకు కొనవచ్చు. ఆ బోర్డు సాధారణంగా సెకనుకు 10 రీడింగులకు అమర్చి వస్తుంది, 10 రీడింగులతో 12 హెర్ట్జ్ వణుకును పట్టుకోవడం అసాధ్యం. రేట్ పిన్‌ను మార్చి 80కి పెట్టాలి. అంతకంటే వేగవంతమైనది దొరికితే మరీ మంచిది. వేదిక తయారయ్యాక జంతువును ఎక్కించే ముందు, దాని మీద చిట్టెలుక బరువుకు సమానమైన ఇసుక సంచిని పెట్టి, వేలితో ఒకసారి తట్టి రికార్డు చేయండి. వేదిక తన సొంత స్వభావంతో 9 నుంచి 16 హెర్ట్జ్ మధ్య ఊగుతుంటే, ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక నడిచినా మీకు వణుకే కనిపిస్తుంది. వేదికను బిగువు చేయాలి లేదా తేలిక చేయాలి. పై ఫ్యాను ఆపేయండి, బల్లను ఏసీ పెట్టె ఉన్న గోడకు ఆనించకండి.

వణుకు తగ్గుదలను మత్తు నుంచి విడదీయడానికి మూర్ఛ మందుల పరిశోధకులు ఎప్పటి నుంచో వాడుతున్న కొలమానం ఒకటి ఉంది, దాన్నే మీరు అరువు తెచ్చుకోవచ్చు. వారు మూర్ఛను సగం జంతువుల్లో ఆపే మోతాదును ఒక వైపు, సగం జంతువులను రోటారాడ్ అనే తిరిగే కడ్డీ మీద నిలవలేకుండా చేసే మోతాదును మరో వైపు కనుక్కుని, రెండోదాన్ని మొదటిదానితో భాగించి ఆ మందు రక్షణ సూచిక అంటారు. మీరు మూర్ఛ స్థానంలో వణుకును పెట్టండి. వణుకు వాటాను సగానికి తగ్గించే మోతాదు, రోటారాడ్ మీద పడిపోయేలా చేసే మోతాదుకు ఎంత దూరంలో ఉంది? రెండూ ఒకే చోట ఉంటే మీ దగ్గర ఉన్నది మత్తుమందు. రోటారాడ్ పరీక్షను మాత్రం హార్మలిన్ ఇవ్వని వేరే చిట్టెలుకల్లో, అంతే మోతాదు టోపిరమేట్‌తో, అదే సమయానికి చేయాలి. హార్మలిన్ ఇచ్చిన జంతువు ఎలాగూ రాడ్ మీద నిలవలేదు, దాని పడిపోవడాన్ని మందు మీదకు నెట్టలేము.

జవాబు: ప్రయోగశాల జంతువుల పశువైద్యురాలు

నైతిక సంఘం సభ్యులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంఘం నియమాల ప్రకారం, జంతువులు లేకుండా సమాధానం దొరికే ప్రశ్నకు జంతువులను వాడకూడదు. “టోపిరమేట్ వణుకును తగ్గిస్తుందా” అన్నది మీ ప్రశ్న అయితే ఆ సభ్యుల అభ్యంతరం నిలుస్తుంది, ఎందుకంటే దానికి మనుషుల్లోనే సమాధానం ఉంది. “టోపిరమేట్ వణుకును తగ్గించే మోతాదుకు, కదలికను దెబ్బతీసే మోతాదుకు మధ్య ఎంత ఎడం ఉంది” అన్నది ప్రశ్న అయితే, దాన్ని మనుషుల్లో మోతాదు పెంచుకుంటూ పోయి కనుక్కోవడం కుదరదు కాబట్టి జంతువుల వాడకాన్ని సమర్థించుకోవచ్చు. ఫారం-బిలో లక్ష్యం అన్న చోట ఈ రెండో వాక్యమే ఉండాలి.

సంఖ్య విషయంలో ఒక మాట. మన ఫార్మసీ కళాశాలల్లో గుంపుకు ఆరు జంతువులు అన్నది సంప్రదాయంగా మారిపోయింది. అది ఎవరూ లెక్క కట్టి చెప్పిన సంఖ్య కాదు. ముందు కొద్దిపాటి జంతువుల్లో హార్మలిన్ ఒక్కటే ఇచ్చి, వణుకు వాటా ఒక జంతువుకూ మరో జంతువుకూ ఎంత తేడాగా వస్తుందో చూసి, ఎంత తగ్గుదలను మీరు అర్థవంతమైనదిగా భావిస్తారో ముందే నిర్ణయించి, దానికి తగిన సంఖ్యను లెక్కించండి. కొలత మెరుగైతే జంతువుల సంఖ్య తగ్గుతుంది. లోడ్ సెల్ వేదిక తయారీకి మీరు వెచ్చించే శ్రమకు ఇదొక్కటే చాలినంత కారణం.

ఒకే చిట్టెలుకకు వారంవారం వేర్వేరు మోతాదులు ఇచ్చి సంఖ్యను ఇంకా తగ్గించవచ్చు, కానీ హార్మలిన్‌కు జంతువు త్వరగా అలవాటు పడుతుంది. తక్కువ వ్యవధిలో రెండోసారి ఇస్తే వణుకు మొదటంత రాదు, ఆ తగ్గుదలను మీ మందు ఖాతాలో వేసుకునే ప్రమాదం ఉంది. కనీసం వారం ఎడం ఉంచి, మోతాదుల క్రమాన్ని జంతువుకో రకంగా మార్చి, సెలైన్ మాత్రమే ఇచ్చే వారాన్ని కూడా ఆ క్రమంలో కలపండి. ఇలా పదేపదే వణికించడం ఒక జంతువుకు పెట్టే కష్టాన్ని పెంచుతుందన్న సంగతిని కూడా దరఖాస్తులో దాచకుండా రాయాలి.

మా దగ్గర ఎలుకలే ఉన్నాయి కదా అని విస్టార్ ఎలుకలకు మారకండి. ఎక్కువ మోతాదు హార్మలిన్ ఎలుకల్లో పర్కింజీ కణాలను చంపుతుందని 1993లోనే వెల్లడైంది, అలాంటి జంతువును మళ్లీ వాడితే దాని మెదడు మునుపటిలా ఉండదు. చిట్టెలుకలను రిజిస్టరైన సంస్థ నుంచే తెచ్చుకుని, వచ్చాక కనీసం వారం రోజులు మీ జంతుశాలకు అలవాటు పడనివ్వండి. హార్మలిన్ ఇచ్చిన తర్వాత శరీర ఉష్ణోగ్రత పడిపోతుందేమో గమనించి, చల్లబడిన జంతువుకు వెచ్చదనం అందించండి. వణుకు తగ్గేదాకా నీరు, తడి మేత నేల మీదే అందుబాటులో ఉంచండి, ఎందుకంటే వణుకుతున్న చిట్టెలుక మూతి ఎత్తి సీసా గొట్టం అందుకోలేదు. పక్కకు ఒరిగి లేవలేని స్థితి, ఆగకుండా వచ్చే మూర్ఛ వంటి లక్షణాల్లో ఏది కనిపిస్తే ప్రయోగాన్ని ఆపి జంతువును బాధ లేకుండా ముగిస్తారో ముందే రాసిపెట్టండి.

ప్రశ్న వేసిన విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. రక్షణ సూచిక ఆలోచన మా గైడ్ గారికి నచ్చింది. ఫారం-బిలో లక్ష్యాన్ని మేడమ్ చెప్పినట్టే మార్చి రాస్తున్నాను. పోల్చుకోవడానికి ప్రొప్రానొలాల్ గుంపు ఒకటి పెడితే సరిపోతుందా, ప్రిమిడోన్ కూడా ఉండాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అలాగే చిట్టెలుకలో పనిచేసిన మోతాదును మనిషి మోతాదుతో ఎలా పోల్చాలో ఎవరైనా చెప్పగలరా?

జవాబు: న్యూరాలజిస్ట్, హైదరాబాద్

మోతాదు పోలికతో మొదలుపెడతాను, అది సులువైనది. కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని నేరుగా పోల్చకూడదు, శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి పోల్చాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం చిట్టెలుక మోతాదును 3తో హెచ్చించి 37తో భాగించాలి. కిలోకు 60 మిల్లీగ్రాములతో చిట్టెలుకలో వణుకు తగ్గిందనుకుంటే, అది మనిషికి కిలోకు దాదాపు 4.9 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి రోజుకు 290 మిల్లీగ్రాముల చిల్లర. అది వైద్యంలో వాడే పరిధిలోనే ఉంది. అదే చిట్టెలుకలో 200 మిల్లీగ్రాములకు గానీ పనిచేయకపోతే, మనిషికి అది దాదాపు 970 మిల్లీగ్రాములు అవుతుంది. వణుకు రోగికి ఆ మోతాదు ఎవరూ ఇవ్వరు. చిట్టెలుక శరీరం చాలా మందులను మనకంటే వేగంగా వదిలించుకుంటుంది కాబట్టి, ఈ లెక్కను అంచనాగానే తీసుకోండి. వీలైతే రక్తంలో మందు స్థాయిని కొలవడమే సరైన మార్గం.

టోపిరమేట్‌ను ఎసెన్షియల్ ట్రెమర్ రోగుల్లో పరీక్షించిన పెద్ద అధ్యయనం 2006లో వెలువడింది. రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్లిన ఆ అధ్యయనంలో వణుకు తగ్గింది. కానీ మందు తీసుకున్నవారిలో సుమారు మూడో వంతు మంది దుష్ప్రభావాల వల్ల మధ్యలోనే మానేశారు. వేళ్లలో తిమ్మిర్లు, మాట తట్టకపోవడం, ఏకాగ్రత తగ్గడం, ఆకలి మందగించడం ఈ మందుతో మేము రోజూ చూసేవే. ఇందులో రోటారాడ్ పట్టుకోగలిగేది ఏదీ లేదు. అందుకే పైన చెప్పిన రక్షణ సూచిక ఎంత బాగా వచ్చినా, అది రోగి ఓర్చుకోగలడా అన్న ప్రశ్నకు సమాధానం ఇవ్వదని మీ థీసిస్‌లో రాయాలి. నా వరకు నేనైతే టోపిరమేట్ బదులు టి-రకం చానళ్ల మీద పనిచేసే మందును ఎంచుకునేవాడిని.

మూర్ఛ మందులన్నిటికీ వణుకు మీద ఒకే గుణం ఉంటుందనుకోవద్దు. వాల్‌ప్రోయేట్ మంచి మూర్ఛ మందు, కానీ అదే చేతుల వణుకును తెచ్చిపెడుతుంది, మా ఓపీకి వణుకుతో వచ్చే మూర్ఛ రోగుల్లో మేము మొదట అడిగేది ఆ మందు గురించే. గబాపెంటిన్‌తో మనుషుల్లో చేసిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ప్రిమిడోన్ విషయంలో ఆసక్తికరమైన సంగతి ఏమంటే, అది శరీరంలో ఫినోబార్బిటాల్‌గా మారే మందే అయినా, మొదటి మోతాదు తర్వాత ఫినోబార్బిటాల్ రక్తంలో పోగుపడకముందే వణుకు తగ్గుతుంది. అంటే ప్రిమిడోనే నేరుగా పనిచేస్తుందని అర్థం. మత్తుకూ వణుకు తగ్గుదలకూ మధ్య దూరాన్ని కొలిచే మీ ప్రయోగంలో పోలిక మందుగా ప్రిమిడోన్‌ను కలిపితే బాగుంటుంది. ప్రొప్రానొలాల్ మత్తు కలిగించదు కాబట్టి అది కూడా ఉండాలి.

హార్మలిన్ నమూనా గురించి నా అభ్యంతరం కూడా చెబుతాను. ఎసెన్షియల్ ట్రెమర్ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే వ్యాధి, చాలా కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది, దాని వణుకు సెకనుకు 4 నుంచి 12 సార్ల మధ్య ఉంటుంది, వయసు పెరిగే కొద్దీ నెమ్మదిస్తుంది. హార్మలిన్ వణుకు ఒక విషం పుట్టించి కొన్ని గంటల్లో తగ్గిపోయేది. చిన్నమెదడు, ఆలివ్ మధ్య ఉన్న వలయం మీద మందు పనిచేస్తుందో లేదో ఈ నమూనా చెప్పగలదు. “టోపిరమేట్ ఎసెన్షియల్ ట్రెమర్‌ను నయం చేస్తుంది” అని మాత్రం శీర్షికలో రాయకండి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

నేను వైద్యుడిని కాను, పాతికేళ్లుగా ఈ వణుకు ఉన్నవాడిని. మా నాన్నగారికీ ఉండేది. పెద్దలు రాసిన మత్తు సంగతి చదివాక ఒక అనుభవం చెప్పాలనిపించింది. ప్రిమిడోన్ మొదటి మాత్ర వేసుకున్న రోజు చేతుల వణుకు చాలా తగ్గిందని ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. నిజానికి నేను లేచి చెంబుడు నీళ్లు తెచ్చుకునే స్థితిలో లేను. తల తిరిగి మంచం మీదే ఉండిపోయాను. పని చేయని చేయి వణకదు కదా. మోతాదును తగ్గించి నెమ్మదిగా పెంచిన తర్వాత కొన్ని వారాలకు గానీ మందు ప్రభావం తెలియలేదు. నవంబరులో పెన్షన్ కోసం బ్యాంకులో జీవన ప్రమాణ పత్రం మీద సంతకం చేసినప్పుడు, సంతకం సరిపోలలేదని వేలిముద్ర అడిగే గుమాస్తా ఆ ఏడాది అడగలేదు.

అమ్మా, మీ ప్రయోగంలో చిట్టెలుకకు చేయవలసిన పని ఏదైనా పెట్టే వీలుందా? నన్ను పరీక్షించేటప్పుడు డాక్టరు గారు ఊరికే చూడరు, సుడిగీత గీయమంటారు, ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి నీళ్లు పోయమంటారు.

జవాబు: ప్రీక్లినికల్ పరిశోధకుడు, జీనోమ్ వ్యాలీ

మాస్టారు అడిగినది చేయదగినదే. చిట్టెలుకను వేదిక మీద వదిలేసి ఎప్పుడు నడుస్తుందా అని ఎదురుచూసే బదులు, సన్నని కర్ర మీదుగా ఒక చివర నుంచి మరో చివరనున్న చీకటి గూటికి నడిచి వెళ్లడాన్ని ముందే నేర్పి, వణుకు సమయంలో దాన్ని చేయించవచ్చు. మందగించిన జంతువు అసలు బయలుదేరదు, వణుకు ఉన్న జంతువు బయలుదేరి కాళ్లు జారుతుంది. ఈ రెండింటినీ వేరుగా నమోదు చేస్తే చాలు. దీనికి కర్ర, కెమెరా తప్ప ఇంకేమీ అక్కర్లేదు. విద్యార్థిని గారు దీన్ని రెండో కొలతగా పెట్టుకుంటే లోడ్ సెల్ శాతాన్ని అనుమానించేవారికి కూడా సమాధానం ఉంటుంది.

మందు ఎంపిక విషయంలో డాక్టర్ గారితో నేను పూర్తిగా ఏకీభవించను. మనుషుల్లో ఫలితం తెలిసిన టోపిరమేట్‌ను వాడితేనే ఈ నమూనా చెప్పేది ఎంత నమ్మదగినదో బయటపడుతుంది. మనుషుల్లో ఏమవుతుందో తెలియని కొత్త మందుతో మొదలుపెడితే, చిట్టెలుకలో వచ్చిన సంఖ్యను దేనితో పోల్చాలి? ప్రిమిడోన్, ప్రొప్రానొలాల్ రెండూ ఉండాలన్న మాట మాత్రం నిజం.

మిగిలినవి చిన్న విషయాలైనా ఇలాంటి ప్రాజెక్టులను చెడగొట్టేవి ఇవే. టోపిరమేట్ నీటిలో అంతగా కరగదు కాబట్టి 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌లో కలిపి నోటి ద్వారా ఇస్తారు. కిలోకు 10 మిల్లీలీటర్ల పరిమాణం పెట్టుకుంటే, 30 మిల్లీగ్రాముల మోతాదుకు మిల్లీలీటరులో 3 మిల్లీగ్రాములు ఉండాలి, 25 గ్రాముల చిట్టెలుకకు అందులో 0.25 మిల్లీలీటరు పోతుంది. అది ద్రావణం కాదు, నిలకడగా ఉంచితే మందు అడుగుకు దిగుతుంది. ప్రతి జంతువుకు ముందు సీసాను కుదిపి అప్పుడే సిరంజిలోకి తీయకపోతే, మొదటి చిట్టెలుకకూ చివరి చిట్టెలుకకూ మీరు వేర్వేరు మోతాదులు ఇచ్చినట్టే. మందు లేని సెల్యులోజ్ గుంపు తప్పనిసరి. సిరంజిల మీద గుంపు పేరుకు బదులు గుర్తులు వేసే పనిని ప్రయోగంలో లేని స్నేహితురాలికి అప్పగించండి. కంప్యూటర్ కొలుస్తోంది కదా అని దీన్ని వదిలేయకండి, ఎందుకంటే ఏ రికార్డింగును పాడైపోయిందని తీసివేయాలో నిర్ణయించేది మనిషే.

గణాంకాల్లో లెక్కలోకి వచ్చేది జంతువు. ఒక్కో చిట్టెలుక నుంచి పావుగంటకొకటి చొప్పున వచ్చే రీడింగులన్నిటినీ వేర్వేరు జంతువులవైనట్టు లెక్కించి పి-విలువ (తేడా కాకతాళీయమా కాదా అని అంచనా వేసే సంఖ్య) తెచ్చుకోకండి, పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు. ఏ సమయంలోని రీడింగును ప్రధాన ఫలితంగా తీసుకుంటారో రికార్డులు తెరవకముందే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.

హార్మలిన్ కొనేటప్పుడు సీసా మీది పేరును జాగ్రత్తగా చదవండి. హార్మలిన్ అణుభారం సుమారు 214, దాని హైడ్రోక్లోరైడ్ లవణానిది సుమారు 251. లవణాన్ని 20 మిల్లీగ్రాములు తూచితే అందులో అసలు హార్మలిన్ 17 మిల్లీగ్రాములే ఉంటుంది. చాలా ప్రచురణల్లో ఏది తూచారో రాయరు కాబట్టి, ముందస్తు ప్రయోగంలో మీ చిట్టెలుకలకు ఏ మోతాదుతో నిలకడైన వణుకు వస్తుందో చూసి, మీ థీసిస్‌లో లవణమా, క్షారమా అన్నది స్పష్టంగా రాయండి. ద్రావణాన్ని ఏ రోజుకారోజు తయారుచేసి, వెలుతురు తగలకుండా సీసాకు అల్యూమినియం రేకు చుట్టి ఉంచండి.